చెంగ్డూలో ఏడవ రుచి

గుంటూరువాడికి కారం సంగతి ఇంకొకడు చెప్పాలా అన్న అహంకారంతో నేను చైనా దేశం వెళ్ళాను. ఆ అహంకారం చెంగ్డూ నగరంలో విమానం దిగిన రెండవనాటి మధ్యాహ్నానికల్లా దిగిపోయింది. ఎలా దిగిపోయిందో చెప్పేముందు అసలు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. కళాశాలలో ప్రబంధాలు పాఠం చెప్పుకునే తెలుగు పంతులుకు చైనాతో ఏం పని అని మీకు సందేహం రావచ్చు గదా!

మా అక్కయ్యకు ఒక్కడే కొడుకు. బావగారు పోయిన తరువాత, వున్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మి, వాణ్ణి వైద్యం చదువుకు చెంగ్డూ పంపింది. మన పిల్లలు ఎందరో అలా చైనా వెళ్ళి డాక్టరు చదువు చదువుకుంటున్న రోజులవి. వాడు వెళ్ళి మూడేళ్ళయింది. 2019 వేసవి సెలవులు ఇచ్చీ ఇవ్వగానే అక్కయ్య మా ఇంటికి వచ్చి కూర్చుంది.

“ఒరే తమ్ముడూ, వాడు రోజూ ఫోను చేస్తాడు. పప్పు వండుకున్నానమ్మా, చారు పెట్టుకున్నానమ్మా అంటాడు. కాని ఆ చెప్పడంలో ఏదో తేడా వుందిరా. పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు. నువ్వొకసారి వెళ్ళి, పిల్లవాడు సరిగ్గా తింటున్నాడో లేదో కళ్ళారా చూసి రా” అంది.

మాది నీచు ముట్టని ఇల్లు. అక్కయ్యకు ఆచారం ఇంకొంచెం ఎక్కువ. అంచేత నా పెట్టెలో బట్టలకు మిగిలిన చోటు బహు తక్కువ. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చారుపొడి, అప్పడాలు — ఒక పెళ్ళికి సరిపడా సామాను సర్దింది. బ్యాంకాక్ మీదుగా ప్రయాణం. దారి పొడుగునా నాకు వున్న భయం ఒక్కటే, సీసా పగలకూడదని!

చెంగ్డూ సిచువాన్ రాష్ట్రానికి ముఖ్యపట్టణం. చుట్టూ కొండలు, మధ్య పెద్ద గిన్నెలాంటి పల్లపు నేల. ఆ గిన్నె మీద మబ్బు మూత వేసినట్టు వుంటుంది. ఎండ కనిపించడం అంత అరుదు గనక, సూర్యుడు వస్తే ఇక్కడి కుక్కలు ఎవరో కొత్తవాడు వచ్చాడని మొరుగుతాయని చైనాలో ఒక పాత సామెత వుంది. ఆ చెమ్మ గాలికి ఒంట్లో నీరు చేరకుండా కారం తినాలని అక్కడివాళ్ళ నమ్మకం. నమ్మకం ఎలా వున్నా, ఆ ఊరి వంట మాత్రం లోకప్రసిద్ధం. 2010లో యునెస్కో చెంగ్డూను పాకకళా నగరమని గుర్తించింది.

విమానాశ్రయానికి మేనల్లుడు వచ్చాడు. నేను అనుకున్నట్టు చిక్కి సగమై లేడు. బుగ్గలు నిండి, నిగనిగలాడుతూ వున్నాడు. “పప్పూ చారూ నీకు బాగా పడ్డాయిరా!” అన్నాను. వాడు నవ్వి, నా పెట్టె అందుకున్నాడు. ఆ నవ్వులో ఏదో వెలితి వున్నట్టు నాకప్పుడు తోచలేదు.

మర్నాడు పొద్దున్న ప్రజా ఉద్యానవనంలో హెమింగ్ అనే టీ దుకాణానికి తీసుకువెళ్ళాడు. చెట్ల కింద వెదురు కుర్చీలు వేసివుంటాయి. పళ్ళెం, గిన్నె, మూత — ఈ మూడూ కలిసినది ఒక టీ కప్పు. ఒకసారి ఆకు వేయించుకుంటే సాయంత్రం దాకా వేడినీళ్ళు పోయించుకుంటూ కూర్చోవచ్చు. పేకాటలు, ముచ్చట్లు, కునుకుపాట్లు. మధ్యలో పొడుగాటి ఇనప చిమటా ఒకటి ‘ఖణేల్’మని మోగిస్తూ చెవులు శుభ్రం చేసేవాళ్ళు తిరుగుతుంటారు. మన ఊళ్ళో రావిచెట్టు కింద అరుగు గుర్తుకు వచ్చింది. తీరిక అనేదాన్ని ఇంత శ్రద్ధగా కాపాడుకునే నగరం మరొకటి నేను చూడలేదు.

మధ్యాహ్నం భోజనానికి వెన్షు విహారం. వెన్షు అంటే మన మంజుశ్రీ బోధిసత్వుడే. బౌద్ధ విహారం గనక అక్కడి భోజనశాలలో మాంసం వుండదు. ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. ‘ఇంకేం, మా అక్కయ్య వచ్చినా హాయిగా తినవచ్చు’ అనుకున్నాను. తీరా చూద్దును గదా, పరిచారిక తెచ్చిపెట్టిన పళ్ళెంలో వేయించిన చేప ఒకటి, తోకతో సహా పడుకుని వుంది! నేను కుర్చీ వెనక్కి జరిపాను.

“కంగారుపడకండి మావయ్యా. అంతా సోయా మీగడ, గోధుమపిండి జిగురు. చూడటానికే చేప” అని వాడు నవ్వాడు.

ఆకారానికి చేప, స్వభావానికి సోయా. మాంసం మానినవాళ్ళు మాంసం రూపాన్ని ఇంత ముచ్చటగా చెక్కుకోవడం నాకు వింత అనిపించింది. సరే, దాని పక్కన ఎర్రటి నూనెలో తేలుతున్న సోయా జున్ను ముక్కలు ఇంకొక గిన్నెలో వున్నాయి. ‘ఓస్, ఇంతేగా, మన గుంటూరు కారం ముందు ఇదెంత’ అని పెద్ద ముక్క నోట వేసుకున్నాను.

కారం వచ్చింది. అది పాత చుట్టమే. కాని దాని వెనకాలే మరొకటి వచ్చింది. ముందు పెదవులు జిల్లుమన్నాయి. తరువాత నాలుక చివర చీమలు పాకినట్టయింది. ఆ పైన నోరంతా, చాలాసేపు మడతపెట్టి కూర్చుని లేచిన కాలులాగా, తిమ్మిరెక్కింది. మంచినీళ్ళు తాగితే ఆ నీళ్ళు నిమ్మరసంలాగా తోచాయి. “ఒరే, నాకేదో అయిందిరా” అన్నాను. నా మాట నాకే ముద్దగా వినిపించింది.

అదే హ్వాజ్యావ్. పూల మిరియం అని అర్థం. పండి ఎండి విచ్చుకున్న ఎర్రటి చిన్న కాయ. లోపలి నల్లగింజ ఇసుకలాగా కరకరలాడుతుంది గనక దాన్ని తీసి పారవేసి, పైతొక్కు మాత్రమే వాడతారు. సిచువాన్‌లో హన్‌యువాన్ అనే ప్రాంతంలో పండేది శ్రేష్ఠమనీ, పూర్వం చక్రవర్తులకు కానుకగా వెళ్ళేదనీ ప్రతీతి. ఆ తిమ్మిరిని వాళ్ళు ‘మా’ అంటారు. మిరప కారాన్ని ‘లా’ అంటారు. రెండూ కలిస్తే ‘మాలా’. ఆ రెండక్షరాల్లో సిచువాన్ వంట సగం ఇమిడివుంది.

2013లో లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు ఈ తిమ్మిరిని కొలిచారు. ఈ తొక్కు పెదవి మీద పెట్టినప్పుడు కలిగే స్పర్శ, సెకనుకు సుమారు 50 మార్లు అదిరే అదురుతో సమానమని తేల్చారు. మన ఇళ్ళలో కరెంటు కూడా సెకనుకు 50 ఆవృత్తులే. నాలుక తీగకు తగిలినట్టు నాకు తోచడంలో అతిశయోక్తి ఏమీ లేదన్నమాట!

షడ్రుచులని మనవాళ్ళు తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం, వగరు లెక్కపెట్టారు. ఇరవయ్యేళ్ళుగా నేనూ క్లాసులో అదే చెబుతున్నాను. మరి దీన్ని ఏ పద్దులో వెయ్యడం? ఇది ఏడవది. దీనికి తెలుగులో రుచిగా పేరు లేదు. అయితే చెట్టుకు మాత్రం వుంది. ఈ జాతిలోదే ఒక చెట్టు మన కొండల్లోనూ పెరుగుతుంది. దాని కాయలను కొంకణ తీరంలో తిరఫల అని చేపల పులుసులో వేస్తారు. సామర్లకోటలో తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ చెట్టుకు పెట్టిన శాస్త్రీయ నామంలో ‘రెట్సా’ అనే మాట వుంది. అది తెలుగు మాటే. తెలుగువాళ్ళు దాన్ని రచ్చమాను అంటారనీ, కొండజనం దాని నీడన కూడి తమ మంచిచెడ్డలు తేల్చుకుంటారనీ ఆయన రాసిపెట్టాడు. రచ్చబండలోని రచ్చే ఇది. ఎక్కడి చెంగ్డూ, ఎక్కడి రచ్చబండ! చెబితే మేనల్లుడు తెల్లబోయాడు.

మూడవనాడు దూఫూ మహాకవి కుటీరం చూశాను. ఎనిమిదవ శతాబ్దంలో ఆయన యుద్ధాల భయంతో చెంగ్డూ చేరి, పూరిపాక వేసుకుని దాదాపు నాలుగేళ్ళు వుండి, 240కి పైగా పద్యాలు రాశాడు. ఆ వెదురు పొదల మధ్య నిలబడితే నాకొక చిత్రమైన ఆలోచన వచ్చింది. ఇంత కారపు ఊళ్ళో వుండి కూడా దూఫూ మిరపకాయ ఎరగడు! మన శ్రీనాథుడూ ఎరగడు. మిరప అమెరికా ఖండం మొక్క. కొలంబస్ ఓడలు దాటిన తరువాతనే అది పాత ప్రపంచానికి వచ్చింది. మనకు పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. చైనాలో 1591 నాటి గ్రంథంలో దాని ప్రస్తావన వుంది. అదీ చూడముచ్చటైన మొక్కగా. సిచువాన్ వంటింట్లో అది నిలదొక్కుకోవడానికి ఇంకో రెండు వందల ఏళ్ళకు పైనే పట్టింది. మనం మిరియం పేరు మీద మిరపను పిలుచుకున్నట్టే, వాళ్ళు తమ పాత ‘జ్యావ్’ పేరునే దానికీ తగిలించి, సముద్రం మీద వచ్చింది గనక ‘హైజ్యావ్’ అన్నారు. కొత్త కోడలికి అత్తగారి చీర కట్టినట్టు! ఇప్పుడేమో మన తేజ రకం మిరపను అదే చైనా విరివిగా కొంటున్నది.

ఊరికి దగ్గరలో పీషియన్ అనే చోటు వుంది. అక్కడి వాకిళ్ళలో వందలాది మట్టి జాడీలు వరసగా, తలకు వెదురు టోపీలు పెట్టుకున్నట్టు మూతలతో నిలబడివుంటాయి. ఒక పెద్ద రకం చిక్కుడు గింజల్ని పులియబెట్టి, పండు మిరప, ఉప్పు కలిపి ఆ జాడీల్లో మాగవేస్తారు. ఎండ కాస్తే మూత తీస్తారు, వాన వస్తే మూస్తారు, రోజూ కలియబెడతారు. ఏడాదికి ఎర్రగా, మూడేళ్ళకు ముదురు గోధుమ రంగుగా మారుతుంది. ఆ వాసన పీల్చగానే అక్కయ్య కళ్ళ ముందు నిలిచింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, తడి చెయ్యి తగలనివ్వకుండా ఆవిడ కాపాడే తీరు ముమ్మూర్తులా ఇదే. దేశం ఏదైతేనేం, పచ్చడి జాడీని చంటిపిల్లలాగానే చూసుకోవాలి.

ఇంతవరకూ అంతా బాగానే వుంది. నాలుగవనాటి సాయంత్రం వానపడింది. వాడి కళాశాల వెనక సందులో నడుస్తున్నాం. తడుస్తామని నేనే చొరవ తీసుకుని, ఎదురుగా కనిపించిన చిన్న పూటకూళ్ళ దుకాణంలోకి దూరాను. “ఇక్కడ వద్దు మావయ్యా, వేరే చోటికి పోదాం” అని వాడు వెనకనుంచి అంటూనే వున్నాడు. లోపల వున్న పెద్దావిడ వాణ్ణి చూడగానే చేటంత మొహం చేసుకుంది. ఏదో గలగలా మాట్లాడింది. వాడు ఏమీ అడగలేదు. అయినా రెండు నిమిషాల్లో వాడి ముందు గిన్నెడు అన్నం, పొగలు కక్కే కూర వచ్చిపడ్డాయి.

ఆ కూర ‘మాపో దోఫూ’. 1862 ప్రాంతాల చెంగ్డూలో ఒక వంతెన దగ్గర చెన్ ఇంటి దుకాణంలో పుట్టిన వంటకం. చేసిన ముసలమ్మ మొహాన స్ఫోటకం మచ్చలుండేవట. ఆ పేరే కూరకు నిలిచిపోయింది. సోయా జున్ను, పీషియన్ ముద్ద, పూల మిరియం — వీటితోబాటు మాంసం తురుము. ఈ తురుము గిన్నె నిండా నాకు కనబడుతూనే వుంది.

వాడి మొహం పాలిపోయింది. నాకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి — నిండిన బుగ్గలు, పాఠంలాంటి ఆ ఫోను మాటలు, విమానాశ్రయంలో ఆ నవ్వు.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాను.

“మొదటి చలికాలంనుంచి” అన్నాడు తలవంచుకుని. “అన్నం, పచ్చడి, అంతే తినేవాణ్ణి. వండుకునే ఓపిక వుండేది కాదు. జ్వరం వచ్చి పదిరోజులు పడుకున్నాను. అప్పుడీ ఆవిడే గదికి అన్నం పంపింది. ఏం వేశావని అడగలేదు, మావయ్యా. తిన్నాను. తిన్నాక తెలిసింది. ఆ తరువాత మానలేదు. తినడం నాకు కష్టంగా లేదు. రోజూ అమ్మకు పప్పు, చారు అని చెప్పడమే కష్టంగా వుంది.”

నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. అమ్మిన ఎకరం గుర్తుకొచ్చింది. అక్కయ్య సర్దిన సీసాలు గుర్తుకొచ్చాయి. కాని జ్వరంతో పడివున్న పిల్లవాడికి అన్నం పంపిన మనిషి అక్కడే, చేతులు తుడుచుకుంటూ, నా వంకే చూస్తోంది. కూర బాగాలేదా అని ఆవిడ భయం. పిల్లవాడి కడుపు ఇంతకాలం చూసుకున్న ఇల్లాలి ముందు నేనేమని కోప్పడను?

“నేను నీచు తిననని ఆవిడకు చెప్పు. అది లేకుండా ఏదైనా పెట్టమను” అన్నాను.

వాడు చెప్పాడు. ఆవిడ ‘అదెంత పని’ అన్నట్టు తల ఆడించి లోపలికి పోయింది. గోడ మీది జాబితాలో ఆ వంటకం పేరేమిటని అడిగితే వాడు నసిగాడు. “చేప వాసన వంకాయ.” నేను లేవబోయాను. “పేరే అంత! చేప ముక్క కూడా వుండదు. వీళ్ళు చేపకు వేసే సంబారం — ఊరవేసిన మిరప, అల్లం, వెల్లుల్లి, పులుపు, పంచదార — వంకాయకు వేస్తారు. మామూలుగా కాస్త మాంసం తురుము వేస్తారు. మీకోసం మాన్పించాను” అన్నాడు. చేప లేని చేప కూర! అబద్ధం పేరు, నిజం వంకాయ. మా మేనల్లుడి ఫోను మాటలు సరిగ్గా దీనికి తల్లకిందులు.

అద్భుతంగా వుందండీ ఆ కూర! తీపి, పులుపు, కారం ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. వంకాయకు పుట్టిల్లు మన దేశమేనని గర్వపడే నేను, అది మెట్టినింట ఇంత సుఖపడుతున్నదని ఆ వేళే తెలుసుకున్నాను. “నీ గిన్నె చల్లారుతోంది, తిను” అన్నాను. వాడు నావంక చూశాడు. తరువాత తిన్నాడు. ఒకే బల్ల మీద మా ఇద్దరి గిన్నెలూ ఖాళీ అయ్యాయి. రచ్చమాను కింద కొండవాళ్ళు తగవు తీర్చుకోవడం అంటే ఇలాగే వుండేది కాబోలు.

లేచేముందు ఒక్కటే చెప్పాను: “నువ్వేం తినాలో నేను చెప్పను. ఈ సంగతి అక్కయ్యకు నేనుగా చెప్పను. కాని ఆవిడ అడిగితే అబద్ధమూ ఆడను. చెప్పవలసినవాడివి నువ్వు.”

ఆఖరి రెండు రోజులూ చుంగ్‌చింగ్‌లో గడిపాం. చెంగ్డూనుంచి రైలులో గంటన్నర. యాంగ్‌త్సీ, జాలింగ్ నదులు కలిసే కొండల ఊరు అది. 1997లో సిచువాన్‌నుంచి విడదీసి దాన్ని కేంద్రం కింద పెట్టారు. రేవులో బరువులు మోసే కూలీలు, పడవలవాళ్ళు చవక మాంసపు ముక్కలు మరిగే కారపు నీళ్ళలో ముంచుకు తినడంలోంచి ‘హాట్‌పాట్’ పుట్టిందని చెబుతారు. బల్ల మధ్య పొయ్యి, దాని మీద ఎర్రగా సలసల కాగే మూకుడు. “మావయ్యా, ఆ ఎర్రది మీకు పనికిరాదు. అందులో పశువుల కొవ్వు వుంటుంది” అని, నేను అడక్కముందే వాడే చెప్పాడు. మధ్యలో వంకర గోడ వున్న మూకుడు తెప్పించాడు. ఒక సగంలో ఎర్రటి మాలా. రెండో సగంలో పుట్టగొడుగుల చారు. వాడి ముక్కలు వాడివైపు, నా తామర దుంపలు, ఆకుకూర నావైపు. పొయ్యి మాత్రం ఒక్కటే. ఆ రాత్రి వాడు నిజంగా నవ్వాడు.

ఇల్లు చేరిన మర్నాడే అక్కయ్య వచ్చింది. నేను గుండె చిక్కబట్టుకుని, ముందుగా పూల మిరియం పొట్లం ఆవిడ చేతిలో పెట్టాను. ఒక తొక్కు నోట వేసుకుని, మొహం వికారంగా పెట్టి, తరువాత నవ్వింది.

“ఇదేమిట్రా, నాలుక మొద్దుబారిపోయింది!”

“పోనీలే, ఇంకాసేపు ఏమీ అడగలేవు” అన్నాను.

కాని ఆవిడ అడిగింది. “వాడు కడుపునిండా తింటున్నాడా?”

“తింటున్నాడు, అక్కయ్యా. ఒళ్ళు చేశాడు. అక్కడ వాడికి వేళకు అన్నం పెట్టే ఒక పెద్దావిడ వుంది. మంచి మనిషి.”

అక్కయ్య పొట్లం మడతలు సరిచేస్తూ కాసేపు ఊరుకుంది. నేను తరువాతి ప్రశ్న కోసం కాచుక్కూచున్నాను.

“నిన్న రాత్రి ఫోను చేశాడు. మొదటిసారి పప్పు, చారు మాట ఎత్తలేదు” అంది. “చాలాసేపు ఏడ్చాడు. ఏం తింటున్నావురా అని నేను అడగలేదు. ఆ పెద్దావిడకు వచ్చేసారి ఒక సీసా ఆవకాయ పంపిద్దాం. మరీ కారం లేకుండా కలపనా?”

“మామూలుగానే కలుపు, అక్కయ్యా. వాళ్ళు తట్టుకోగలరు” అన్నాను.